పరిష్కారమైందట!

ఇప్పుడే ఒడిశాలోని మా రాయగడ స్టేషన్ నుంచి ఇంటికి చేరాం. అమ్మ నడుం వాల్చింది. నాకు మాత్రం నిద్ర పట్టేలా లేదు, కాబట్టి మీ నిద్ర కూడా చెడగొడతాను.

హైదరాబాద్‌లో అమ్మ కంటికి ఆపరేషన్ చేయించి తీసుకొస్తున్నాను. స్లీపర్ బోగీ. రైలు పేరు చెప్పను, ఏ రైలైతే ఏముంది? రాజమండ్రి దాటాక కుళాయిల్లో నీళ్లు ఆగిపోయాయి. ఒక్క మరుగుదొడ్డిలో కాదు, నాలుగింటిలోనూ. కంట్లో చుక్కల మందు వేసే ముందు చేతులు శుభ్రంగా కడుక్కోవాలని డాక్టరుగారు పదిసార్లు చెప్పి పంపారు. నేను కడుక్కున్నది కొన్న సీసా నీళ్లతో. సీసా మీద ధర 14, అమ్మే కుర్రాడి నోట 20. చిల్లర అడిగితే నవ్వాడు.

రైల్వే యాప్‌లో ఫిర్యాదు పెట్టాను, ఎండిపోయిన కుళాయి ఫొటోతో సహా. 11 నిమిషాల్లో సందేశం: మీ ఫిర్యాదు పరిష్కరించబడినది. లేచి వెళ్లి కుళాయి తిప్పి చూశాను. మనిషి ఆశ చూడండి! బుస్సుమని గాలి వచ్చింది. బెర్తు దగ్గరికి తిరిగొచ్చేలోపు రెండో సందేశం: మా సేవకు ఎన్ని చుక్కలు ఇస్తారు? కుళాయిలో ఒక్క చుక్క లేదు కానీ వాళ్లకు ఐదు చుక్కలు కావాలట.

టీసీని అడిగితే, ముందు పెద్ద స్టేషన్‌లో నీళ్లు పడతారండీ అన్నాడు. పెద్ద స్టేషన్ వచ్చింది. ఇంజను ఇటుది అటు మారింది, టీసీ మారాడు, నీళ్లు మాత్రం రాలేదు. కొత్తగా ఎక్కినాయన, అది వెనకటి డివిజన్‌లో పెట్టిన ఫిర్యాదు కదా అన్నాడు. మురికి చేతులకు కూడా సరిహద్దులుంటాయని నాకు అప్పుడే తెలిసింది. చివరికి ఎదురు బెర్తులోని ఒడియా పెద్దావిడ తన చెంబులో సగం వంచి ఇచ్చింది. అమ్మ ఆమెను నానీ, నానీ (ఒడియాలో అక్క అని) అంటూ పార్వతీపురం దాకా కబుర్లు చెబుతూనే ఉంది. రైలు మీద కోపం నాకొక్కడికే మిగిలింది.

పర్యవేక్షణ లేదని ఎవరన్నారు? బోలెడంత ఉంది. రైల్వే బోర్డు ఉంది, దాని కింద జోన్లు, వాటి కింద డివిజన్లు, పైన పార్లమెంటు స్థాయీ సంఘం, పక్కన ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్. రైళ్లలో, స్టేషన్లలో మనుషులు తినడానికి పనికిరాని పదార్థాలు పెడుతున్నారని 2017లో కాగ్ రాసింది కూడా. రాసింది, అచ్చయింది, బీరువా ఎక్కింది.

రైలు భద్రతను తనిఖీ చేసే కమిషన్ ఏ శాఖ కిందిదో తెలుసా? పౌర విమానయాన శాఖ కిందిది. నవ్వకండి, దానికో కారణం ఉంది. నడిపేవాడే తనిఖీ చేస్తే నిజం బయటకు రాదని 1941లోనే తెల్లదొరలు దాన్ని రైల్వే బోర్డు చేతిలోంచి తప్పించారు. ఆ మాత్రం ఇంగితం వాళ్లకుంది. ఇప్పుడు సంగతి ఏమిటంటే, జనం చస్తే విచారణకు బయటి శాఖవాళ్లు వస్తారు. బతికున్నవాడి ఫిర్యాదు మాత్రం ఎవరి మీద పెట్టామో వాళ్ల దగ్గరికే వెళ్తుంది, పరిష్కారమైందని వాళ్లే రాసుకుంటారు. కుళాయి చూడటానికి బయటివాడు రావాలంటే బోగీ బోల్తా పడాలా?

మా వైపు వాళ్లకు ఇది ఊరికే అనే మాట కాదు. 2017 జనవరిలో హీరాఖండ్ ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పింది మా పక్కనున్న కూనేరు దగ్గరే. 2023 అక్టోబరులో కంటకాపల్లి దగ్గర ముందున్న పలాస పాసింజరును వెనక నుంచి గుద్దింది రాయగడ పాసింజరు, మేమందరం ఎక్కేదే. 14 మంది పోయారు. ఇక చాలు, ఆ రాత్రి సంగతి రాయలేను.

అన్నట్టు అమ్మ టికెట్టు. 58 దాటిన ఆడవాళ్లకు సగం ఛార్జీ ఉండేది. 2020 మార్చిలో కరోనా పేరు చెప్పి తీసేశారు. కరోనా పోయింది, మాస్కులు పోయాయి, రాయితీ మాత్రం ఇంకా క్వారంటైన్‌లోనే ఉంది. ఈ మాట మా వాట్సాప్ గ్రూపులో పెడితే ఒక బాబాయి, మన ఊరి మీదుగా వందే భారత్ తిరుగుతోంది, దానికి సంతోషించరా అన్నాడు. తిరుగుతోంది బాబాయ్, దుర్గ్ నుంచి విశాఖకు. హైదరాబాద్ ఆస్పత్రికి వెళ్లేవాడికి దాంతో ఏం పని?

నిజం చెప్పాలంటే ఈ మంట కుళాయి దగ్గర మొదలైంది కాదు. 2019 ఫిబ్రవరిలో విశాఖకు జోన్ అన్నారు, విశాఖ కేంద్రంగా ఉన్న వాల్తేరు డివిజన్‌ను చీల్చి మా రాయగడకు డివిజన్ అన్నారు. ఆ డివిజన్ భవనానికి పునాదిరాయి పడేసరికి 2025 జనవరి వచ్చింది. ఈ ఆరేళ్లూ అటు విశాఖలో, ఇటు భువనేశ్వర్‌లో రచ్చంతా దేనికి? ఛత్తీస్‌గఢ్‌లోని కిరండూల్ కొండల నుంచి దిగే ఇనుప ఖనిజం రాబడి ఎవరి ఖాతాలో పడాలని! ఆ ఖనిజపు రాయి కోసం ఇంత కొట్టుకున్నవాళ్లలో ఒక్కరైనా, ఆ పట్టాల మీదే వెళ్లే మనుషులకు నీళ్లు ఎవరు పట్టాలని అడిగారా? విశాఖవాళ్లకు మేం ఒడిశావాళ్లం. భువనేశ్వర్‌వాళ్లకు మేం తెలుగువాళ్లం. మా ఊరి అమ్మవారు మజ్జిగౌరమ్మ దర్శనానికి వచ్చినప్పుడు మాత్రం మన రాయగడ!

ఇది రాస్తుండగా ఫోను మోగింది. నా అమూల్యమైన అభిప్రాయం వాళ్లకు ఇంకా అందలేదట, దయచేసి చుక్కలు ఇవ్వమంటున్నారు. ఇస్తాను, ఆగండి. ముందు అమ్మ కంట్లో చుక్కలు వేసే వేళైంది. చేతులు కడుక్కుని వస్తాను. మా ఇంటి కుళాయిలో నీళ్లు వస్తున్నాయి.