ఆటో హ్యాండిల్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ ఆటో హ్యాండిల్ గారి సముఖానికి,

కదలికను గీతగా (కర్వుగా) చూపే గ్రాఫ్ ఎడిటర్‌లో ఆ గీత ఒంపులను సొంతంగా నిర్ణయించే మీ చేతికింద నలుగుతున్న యానిమేటర్ నమస్కరించి రాసుకునే విన్నపం.

నేనడిగింది చిన్న పని. పాత్ర కాలు గాల్లోంచి దిగి 10వ ఫ్రేములో నేలను తాకాలి, 30 దాకా అక్కడే ఉండాలి, ఆ తర్వాత లేవాలి. 10 దగ్గర ఎత్తు సున్నా, 30 దగ్గరా సున్నా. ఈ రెండు సున్నాల మధ్య ఏముంటుందని ఎవరినడిగినా సున్నా అనే అంటారు. మీరు మాత్రం పాదాన్ని చీలమండ దాకా నేలలో ముంచి, 30 వచ్చేసరికి ఏమీ ఎరగనట్టు పైకి తీశారు. అడుసు తొక్కనేల, కాలు కడగనేల?

మీ జవాబు నాకు తెలుసు. అటూ ఇటూ ఉన్న కీలను (ఏ ఫ్రేములో ఏ విలువో నేను పెట్టిన బిందువులను) చూసి వాలు నిర్ణయిస్తారు. వెనక కీ ఎత్తులో ఉంది కాబట్టి, 10 దగ్గరికొచ్చినా కర్వు దిగుతూనే ఉండాలి. నేల ఉందో లేదో మీకనవసరం, నునుపు చెడకూడదు! వంశం అలాంటిది లెండి. 1960లలో రెనో కంపెనీలో పియర్ బెజియే కారు బాడీల ఒంపులు గీయడానికి వాడిన గీతలే మీ మూలపురుషులు. బానెట్ మీద ఆ నునుపు ముచ్చటగానే ఉంటుంది. నా పాత్రకున్నది పాదమండీ.

బంతి విషయమూ అంతే. నేలకు తగిలిన ఫ్రేములో కర్వు 'వి' ఆకారంలో విరగాలి. మీరు గిన్నె అడుగులా గుండ్రంగా తిప్పారు. రాతినేల మీద పడ్డ బంతి పరుపు మీద పడ్డట్టు మెల్లగా ఆగి, కాస్త ఆలోచించుకుని లేచింది. ప్రతి తాకిడి దగ్గరా హ్యాండిల్ విరగ్గొట్టి (రెండు వైపుల వాలునూ వేరుచేసి) సరిచేసుకున్నది నేనే.

(తల 350 డిగ్రీల నుంచి 10కి రావడానికి వెనక్కి 340 తిరిగిన సంగతిలో మాత్రం మీ తప్పు లేదు. నేనే 370 అని రాయాల్సింది.)

స్టెప్డ్‌లో (మధ్య కదలిక లేకుండా పోజు నుంచి పోజుకు దూకే పద్ధతిలో) ఉన్నంతసేపు షాట్ ఎంత బాగుందో! పోజు వెంట పోజు, టకటకా. డైరెక్టర్ కూడా తలూపారు. కీలన్నీ మీకప్పగించానో లేదో, మనిషి నీళ్లలో తేలుతున్నట్టు నడిచాడు. పోజులు తక్కువ పెట్టానని తిట్లు నాకు.

మీ తమ్ముడు ఆటో క్లాంప్డ్ గారు కాస్త నయం, సున్నాల మధ్య గీతను చదునుగానే ఉంచుతారు. ఇకనుంచి పాదాలు ఆయనకే అప్పగిస్తున్నాను.

ఇట్లు,
మీ యానిమేటర్

తా.క.: సంతకం చేసేలోపు పొరపాటున కీలన్నీ సెలెక్ట్ చేసి మళ్లీ మిమ్మల్నే నొక్కాను. రెండు పాదాలూ నేలలో ఉన్నాయి. అన్‌డూ నొక్కి వస్తాను.