అటక గారికి ఒక బహిరంగ లేఖ, ఆయ్

గౌరవనీయులైన మా ఇంటి అటక గారికి,

నమస్కారమండి. నేను మీ కిందే పుట్టి, మీ కిందే పెరిగి, నలభయ్యో ఏట మీ నెత్తికెక్కినవాణ్ని. గుర్తుపట్టకపోతే వీధివైపు తొమ్మిదో వాసం మీద నా నుదుటి జిడ్డు ఇంకా ఉంటుంది, చూసుకోండి.

మీ మీద నాకు ఫిర్యాదులు చాలా ఉన్నాయి. మొదటిది మీ పేరు గురించే. తెలుగునాట ఏ పనైనా మధ్యలో ఆగిపోతే "అటకెక్కింది" అంటారు. మా ఊరి రోడ్డు అటకెక్కింది, మా బావమరిది పెళ్లి సంబంధం అటకెక్కింది, నా డైటింగ్ అయితే ఏటా జనవరి మూడో వారానికల్లా అటకెక్కుతుంది. ఇంత పేరున్నవారు, నేను టేపు పట్టుకుని నిచ్చెన ఎక్కిన రోజునే "అబ్బాయ్, పనులన్నీ చివరికి వచ్చి చేరే చోట నువ్వు పని మొదలుపెడతానంటున్నావు, ఓసారి ఆలోచించుకో" అని ఒక్క మాట అనొచ్చు కదా. అనలేదు. దుమ్ము మాత్రం రాల్చారు. అది దీవెన అనుకున్నాను.

అసలు ఇదంతా 2020లో ఆఫీసువాళ్లు ల్యాప్‌టాప్ చేతిలో పెట్టి ఇంటికి పొమ్మనడంతో వచ్చింది. వైనతేయ గోదావరి పాయ గట్టుకి కూతవేటు దూరంలో ఉన్న మన ఇంట్లో ఉన్నవి రెండు గదులూ ఒక సావిడీ. ఒక గదిలో అమ్మానాన్న, ఒక గదిలో నేనూ మా ఆవిడా పిల్లలూ, సావిడిలో టీవీ. నేను మీటింగులో "యస్, డెఫినెట్లీ" అంటుంటే వెనకాల అమ్మ "ఒరేయ్, గోంగూర కట్ట పది రూపాయలంటున్నాడు, తీసుకోనా" అని అరిచేది. బెంగళూరులో ఉన్న మా మేనేజరు ఒకసారి తీసేసుకోమన్నాడు కూడా. అప్పుడు పైకి చూశాను. మీరు కనిపించారు. అంత చోటు, అద్దె లేదు, ఎవరూ రారు. నాలుగు ప్లైవుడ్ షీట్లు వేస్తే బెడ్రూమూ ఆఫీసూ రెండూ అయిపోతాయి అనుకున్నాను. వీడియోలు చూశానండి, ఎన్ని చూశానో మా ఇంటి వైఫైకి తెలుసు. అందులో ఒక తెల్లాయన శని, ఆది రెండు రోజుల్లో అటకని గది చేసేసి, సోమవారం పొద్దున అక్కడే కూర్చుని కాఫీ తాగుతాడు. ఆయనది మంచు జారిపోవడానికి నిటారుగా కట్టిన కప్పు, మధ్యలో నిలబడి చేతులెత్తినా తగలదు. పైగా అది చలిదేశం, వేడిగాలి పైకి పోతుందంటే వాళ్లకి అది ఖర్చు లేని హీటరు. మనకి అదే వేడిగాలి ఏమవుతుందో ఆ వీడియోలో చెప్పలేదు.

మేస్త్రి గారిని పిలిచి చూపించిన మాట నిజమే. మా తాతగారి కాలంలో మీకు బల్లలు వేసింది ఆయన తండ్రేనట. ఆయన నిచ్చెన మీద సగం దాకా ఎక్కి, తల మాత్రం లోపల పెట్టి, బీడీ వాసన వేస్తూ అటూ ఇటూ చూసి దిగిపోయారు.

"వద్దండి బాబూ, ఆయ్."

"ఏమండీ, వెయ్యి కొబ్బరికాయలు మోసింది కదా, నన్ను మొయ్యదా?"

"కాయలు నడవవు కదండీ."

ఈ నాలుగు ముక్కలకి ఆయన డబ్బులు అడగలేదు. నేనేమో పట్నంలో చదువుకున్నవాణ్ని కాబట్టి ఆయనకి లెక్క చెప్పాను. ఇళ్లల్లో గది నేలకి చదరపు మీటరుకి దాదాపు 200 కిలోల బరువు ఆగేలా లెక్కవేస్తారండి, కొబ్బరి దింపుకి వెయ్యి కాయలు పోస్తే టన్ను దాటుతుంది, నేను డెబ్బై ఎనిమిది కిలోలే అని. ఆయన తల ఊపి, "లెక్క బాగుందండి" అని సైకిలెక్కి వెళ్లిపోయారు. తర్వాత నాకు అర్థమయిందేమిటంటే, వెయ్యి కాయలు మీ ఒళ్లంతా పరుచుకుని ఆర్నెల్లు కదలకుండా కూర్చుంటాయి. నేను ఒకే చోట పాదం మోపి, ఫోను మాట్లాడుతూ ఇటు నాలుగడుగులు అటు నాలుగడుగులు వేస్తాను. రెండు దూలాల మధ్య బల్ల కిందికి వంగి పైకి లేస్తుంది, కింద సావిడిలో నాన్న పేపరు మీద ఎర్ర మట్టి రాలుతుంది. మీరు విరిగిపోలేదు, ఆ మాట ఒప్పుకుంటాను, కానీ కోటిపల్లి రేవులో నావ ఎక్కినట్టు ఊగారు. ఒక క్లయింటు "మీరు ప్రయాణంలో ఉన్నారా" అని అడిగాడు.

దూలాల సంగతి వేరే చెప్పాలి. అవి తాటి దూలాలని నాకు తెలుసు, తాటిచెట్టుకి చేవంతా బయటివైపు ఉంటుందనీ లోపల మెత్తటి బెండే ఉంటుందనీ మాత్రం తెలీదు. అందుకని నా మొదటి ఆరు డ్రిల్ బిట్లు పైనే విరిగాయి, ఏడోది లోపలికి దిగింది కానీ అక్కడ స్క్రూ పట్టుకోవడానికి ఏమీ లేదు, బియ్యంలో వేలు పెట్టినట్టు తిరుగుతూనే ఉంది. పైన ఇనుము, లోపల పీచు. మనుషుల్లో అలాంటివాళ్లని చూశాను గానీ దూలం కూడా అలా మోసం చేస్తుందనుకోలేదు. అమలాపురం హార్డ్‌వేర్ షాపతను నన్ను చూడగానే బిట్ల డబ్బా కౌంటరు మీద పెట్టేసే స్థాయికి వచ్చాము. బిట్లకయిన డబ్బు మేస్త్రి కూలీ కంటే ఎక్కువయింది, ఇది మా ఆవిడకి తెలీదు, మీ దగ్గరే ఉంచండి.

ఇక మీ ఎత్తు. సరిగ్గా నడికొప్పు కింద బల్ల నుంచి 6 అడుగుల 4 అంగుళాలు. నేను 5 అడుగుల 9. ఏడంగుళాలు మిగులు, మహారాజులా ఉండొచ్చు అనుకున్నాను. పెంకు వేడి దిగకుండా థర్మోకోల్, దాని కింద రీపర్లు, వాటి కింద ప్లైవుడ్ సీలింగు వేశాను, అది ఆరంగుళాలు తినేసింది. ఊగుడు ఆగడానికి కింద అడ్డకర్రలు పరిచి దానిమీద ఇంకో ప్లై వేశాను, అది మూడంగుళాలు. మిగిలింది 5 అడుగుల 7. అదీ మధ్యలోనే, రెండు పక్కలా వాలు దిగేకొద్దీ మనిషి మోకాళ్ల మీదికి, ఆ తర్వాత పొట్ట మీదికి రావాలి. అప్పుడు గాని నేషనల్ బిల్డింగ్ కోడ్ తెరిచి చూడలేదు, చూడాల్సిన పద్ధతి అది కాదని తెలుసు. మనుషులు ఉండే గదికి కనీసం 2.75 మీటర్ల ఎత్తు ఉండాలట, అంటే తొమ్మిదడుగులు. అటక అంటే వస్తువులు పెట్టుకునే చోటనీ, 1.5 మీటర్లకి మించి ఎత్తు ఉండకూడదనీ అందులోనే రాసుంది. అంటే నేను చెమటోడ్చి పనిచేసిన కొద్దీ మీరు గదికి దూరమై, కోడ్ ప్రకారం ఇంకా ఇంకా అటక అయ్యారు. ఇంకో ఎనిమిదంగుళాలు కూడా దించి ఉంటే మీకు నిఖార్సైన సర్టిఫికెట్ వచ్చేది.

మొదటి రాత్రి పడుకున్నాక చెయ్యడానికి పనేమీ లేక వాసాలు లెక్కపెట్టాను, సీలింగు ఇంకా సగం దాకానే వేశాను కాబట్టి కనిపిస్తూనే ఉన్నాయి. పక్కకి ఇరవై రెండు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడని మా నాన్న నన్ను ఇంటర్ తప్పినప్పటి నుంచీ తిడుతూ ఉన్నారు, ఆయన మాట నిలబెట్టినట్టయింది. తెల్లారగానే గాజు పెంకులోంచి సూర్యుడు సరిగ్గా నా ఎడమ కంటిలో ఉదయించాడు. వెలుతురు కోసం ఆ గాజు పెంకు నేనే వేయించుకున్నాను. అర్ధరాత్రి ఒంటికి లేస్తే నిచ్చెన దిగాలి, చీకట్లో ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కోవాలి, కింద పడుకున్న పిల్లలు లేస్తారు, వాళ్లతోపాటు వీధికుక్క లేస్తుంది.

ఏప్రిల్ వచ్చింది. ఎండాకాలం గురించి మీతో మాట్లాడితే నాకు ఇప్పటికీ చెమట పడుతుంది. పెంకు పెంకుకీ మధ్య సందుల్లోంచి ఇన్నేళ్లూ వేడిగాలి దాని దారిన అది పోయేదండి, అందుకే మీ కింద ఇల్లు చల్లగా ఉండేది. ఆ సందులు చూసి నేను "అయ్యో, ఎంత అశ్రద్ధగా కట్టారు" అనుకుని, ఫోమ్ డబ్బాలు తెచ్చి అన్నిటినీ బిగించేశాను. వేడి లోపలికి రావడం ఆగలేదు, బయటికి పోవడం మాత్రం ఆగింది. సీలింగు ఫ్యాను పెడితే తల తెగుతుంది కాబట్టి టేబులు ఫ్యాను పెట్టాను, అది ఆ వేడినే నాకు కొసరి కొసరి వడ్డించింది. ఏసీ కోసం, చల్లగాలి కిందికి జారిపోకుండా, మీ నాలుగడుగుల ద్వారాన్ని కూడా ప్లైవుడ్డుతో బిగించి 22 అంగుళాలకి కుదించాను. మంచం, పరుపు ముందే పైకి ఎక్కించేశాను కాబట్టి ఇక పెద్ద వస్తువులతో పనేముంది అనుకున్నాను. ఏసీ వాళ్లు వచ్చి చూసి, ఫోటో తీసుకుని నవ్వుకుంటూ వెళ్లిపోయారు.

మీ పాత కాపురస్థుల గురించి కూడా ఒక మాట. ఎలుకలు, ఉడుతలు, వానాకాలానికి ముందు ఒక జెర్రి, ఇవన్నీ నాకు తెలిసినవే. మానుపిల్లి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. రాత్రి రెండింటికి కొబ్బరిచెట్టు మీంచి పెంకుల మీదికి దూకి, నా సీలింగుకీ పెంకుకీ మధ్య బూట్లేసుకున్నట్టు నడిచేది. నేను దానికి పైనుంచి కప్పు, కింద నుంచి థర్మోకోల్ మెత్తా వేసి పెట్టాను, అలాంటి సదుపాయం ఈ మండలంలో దానికి ఇంకెక్కడా దొరకదు. ఇంట్లో హాయిగా నిద్రపోయిన గది అంటూ ఏదైనా ఉంటే దానిదే.

2022 జూలై. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ అంకెలు మా ఇళ్లల్లో పిల్లలకి ఎక్కాలతోపాటే వస్తాయి. ఆ ఏడు మూడోదీ దాటింది. టీవీలో ఆ మాట వినగానే అమ్మ అరవలేదు, కంగారు పడలేదు, కొంగు బిగించి గాదెలోంచి ధాన్యం బస్తాలు లాగించడం మొదలుపెట్టింది. 1986 ఆగస్టు వరదకి నాయనమ్మా, నాన్నా, ఇరుగింటివాళ్లు ముగ్గురూ, ఒక మేకా మీ మీదే రెండు రాత్రులు గడిపారని నేను చిన్నప్పటి నుంచీ వింటున్నదే. 1996 నవంబరు తుపానుకి మీ పెంకులు సగం ఎగిరిపోయినా దూలాలు కదల్లేదనీ విన్నాను. విని, కథ అనుకున్నాను. అది ఇంటి ప్లాను అనుకోలేదు.

నాన్నా నేనూ డెబ్బై ఐదు కిలోల బస్తాని నిచ్చెన మీద పైకి తోశాము. 22 అంగుళాల దగ్గర ఆగిపోయింది. పైకీ పోదు, కిందికీ రాదు. మధ్యలో బస్తా, దాని కింద నాన్న, ఆయన కింద నిచ్చెన. "ఎవడ్రా దీన్ని ఇలా చేసింది" అని ఆయన అడిగారు, జవాబు ఆయనకి తెలిసే అడిగారు. వాన పడుతోంది, కరెంటు పోయింది, మా ఆవిడ ఫోను లైటు పట్టుకుంది, నేను ఒక్కో స్క్రూ విప్పుతూ కూర్చున్నాను. చిత్రం చూడండి, మూడు నెలలు ఏ స్క్రూ నా మాట విని పట్టు ఇవ్వలేదో అవన్నీ ఆ రాత్రి ససేమిరా వదలమన్నాయి. చివరికి అమ్మ పెరట్లోంచి గునపం తెచ్చి రెండే రెండు దెబ్బలు వేసింది. ద్వారం మళ్లీ నాలుగడుగులయింది. బస్తాలు, గ్యాసు బండ, ఇన్వర్టరు, ఆవకాయ జాడీలు, పిల్లల పుస్తకాలు, దేవుడి పటాలు అన్నీ ఎక్కాయి. నా క్వీన్ సైజు పరుపు మీద ధాన్యం పడుకుంది. నీళ్లు వీధి అరుగు మూడో మెట్టు దాకా వచ్చి, అక్కడే రెండు రోజులు కూర్చుని, వెనక్కి పోయాయి. ఆ రెండు రాత్రులూ అమ్మ మీ మీద, బస్తాలకి జారబడి, గుర్రు పెట్టి మరీ నిద్రపోయింది. మీరు ఊగలేదు. అది మాత్రం నేను గమనించాను, అంటే మీకు మనుషుల మీద కాదు, నా మీదే కక్ష.

వరద పోయాక సీలింగు విప్పితే లోపలి వైపు థర్మోకోల్ తడిసి నల్లగా బూజు పట్టి ఉంది. ఇదివరకు పెంకు కారితే చుక్క కనిపించేది, ఎక్కడో తెలిసేది, గాలికి ఆరిపోయేది. ఇప్పుడు కారింది నాకు తెలియకుండా ప్లై వెనకాలే దాక్కుంది. ఒక మూల చెదలు కూడా మొదలయ్యాయి. మేస్త్రి గారు వచ్చి, తల లోపల పెట్టి, ఈసారి "వద్దండి" కూడా అనలేదు, ఊరికే చూశారు. ఆ చూపుకి కూడా ఆయన డబ్బులు తీసుకోలేదు.

ప్రస్తుత పరిస్థితి మీకు తెలిసిందే. మొన్న దింపుకి అమ్మ ఎనిమిది వందల కాయలు కురిడీకి పైకెక్కించింది. తొక్కతో సహా అలా నెలల తరబడి పడి ఉంటే నీళ్లు ఇంకి, లోపల కొబ్బరి చిప్పని వదిలేసి గుండులా తయారవుతుందని, ఊపి చూస్తే గలగలమంటుందని, అప్పుడు అంబాజీపేటలో మంచి రేటొస్తుందని నాకిప్పుడు చెబుతోంది. నేను అద్దె లేని ఖాళీ చోటు అనుకున్నది ఏటా ఆవిడ చీటీపాట కట్టే చోటట. పరుపు కిందికి దిగింది, నేనూ దిగాను, ఇద్దరం వీధి అరుగు మీద ఉంటున్నాం. మంచం మాత్రం పైనే ఉంది. దింపుదామంటే అమ్మ వద్దంది, దాని బద్దల మధ్య గాలి బాగా ఆడుతోందట, మంచం మీద పోసిన కాయ మిగతావాటి కంటే ముందు ఎండుతోందట. మేస్త్రి గారు కూడా వచ్చి చూసి, "ఇదిగో, ఇది పనికొచ్చే పనండి" అన్నారు.

మీటింగులు అరుగు మీంచే నడుస్తున్నాయి. మేనేజరు గోంగూర రేటు వారం వారం అడుగుతున్నాడు.

ఇట్లు,
మీ ఐదడుగుల ఏడంగుళాల కింద ఐదడుగుల తొమ్మిదంగుళాల వాడు

తా.క: నా రసమట్టం తూర్పువైపు ప్లై వెనకాల పడిపోయింది. మానుపిల్లి గారికి దానితో పనేమీ ఉండదు కాబట్టి, వీలు చూసుకుని కిందికి జార్చగలరు. అరుగు మీద ఒక చిన్న షెడ్డు వేద్దామనుకుంటున్నాను.