చెరువు ఆరోగ్యం సగటు అంకెల్లో దొరకదు

అయస్కాంతాన్ని వేడి చేస్తూ పోతే చాలాసేపు పెద్ద తేడా కనిపించదు, బలం కాస్త తగ్గుతుందంతే. ఇనుములో 770 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం అయస్కాంతత్వం మొత్తం పోతుంది. ప్రతి పరమాణువూ పక్కవాటిని బట్టి అటే తిరగాలని చూస్తుంది, వేడి చెదరగొడుతుంది, ఈ లాగులాటలో ఒకచోట బ్యాలెన్స్ తప్పుతుంది. ఒక్క పరమాణువును విడిగా ఎంత చదివినా ఆ 770 కనబడదు. గుంపు పెద్దదయ్యేకొద్దీ కొత్త నియమాలు పుడతాయని భౌతిక శాస్త్రవేత్త ఫిలిప్ ఆండర్సన్ 1972లో వాదించింది ఇందుకే.

ఆ హద్దు దగ్గర ఇంకో విషయం జరుగుతుంది. చిన్న కుదుపు కూడా త్వరగా సద్దుమణగదు, ఒడిదుడుకులు పెరుగుతాయి. దీన్ని క్రిటికల్ స్లోయింగ్ డౌన్ అంటారు. ఇదే లక్షణం చెరువులోనూ కనబడుతుందా?

అమెరికాలోని మిషిగన్‌లో పీటర్ లేక్ అనే చిన్న సరస్సు ఉంది. సరస్సుల శాస్త్రవేత్త స్టీఫెన్ కార్పెంటర్ బృందం 2008 నుంచి అందులో వేటాడే చేపల్ని కొద్దికొద్దిగా వదిలింది. చిన్న చేపలు, అవి తినే సూక్ష్మజీవులు, ఆ జీవులు తినే పాచి, ఇలా గొలుసంతా కదిలింది. పాచి కొలతల్లో ఒడిదుడుకులు పెరగడం, ఆ గొలుసు పూర్తిగా మారిపోవడానికి ఏడాదికి పైగా ముందే కనబడింది. తర్వాత 2015లో అదే సరస్సులో ఎరువు వేసి పాచి పెంచారు, హెచ్చరిక అందగానే ఆపేశారు, పాచి తగ్గింది. నాకైతే ఈ రెండోదే పెద్ద విషయం, ఎందుకంటే హద్దు దాటాక వెనక్కి రావడం ఇంత తేలిక కాదు. నెదర్లాండ్స్‌లో వెలువే సరస్సు పాచిని పెంచే ఫాస్ఫరస్ ఎంత చేరాక పాడైందో, మళ్లీ తేటపడటానికి దానికంటే బాగా కిందికి దించాల్సి వచ్చింది.

అన్ని పతనాలూ ముందే చెప్పి రావు, ఒక రాత్రి ట్యాంకరుతో విషం పోస్తే ఏ సెన్సరూ ముందు చెప్పలేదు. కానీ మన చెరువులు ఎక్కువగా చచ్చేది నెమ్మదిగా చేరే మురుగుతోనే. అలాంటి చోట మనం చేసేది నెలకోసారి, మూడు నెలలకోసారి సీసాలో నీళ్లు పట్టుకెళ్లి, ఏడాది సగటు వేసి 'పర్వాలేదు' అనుకోవడం. నీటిలో ఆక్సిజన్ మధ్యాహ్నం ఎక్కువ, తెల్లవారుజామున అతి తక్కువ, పగటి పూట పట్టిన సీసాకు ఆ సంగతేం తెలుస్తుంది? కొల్లేరు చుట్టుపక్కల రొయ్యల రైతుకు ఇది బాగా తెలుసు. అందుకే రాత్రంతా ఏరేటర్లు (నీటికి గాలి అందించే యంత్రాలు) తిప్పుతాడు, తెల్లారకముందే డీవో, అంటే నీటిలో కరిగిన ఆక్సిజన్, చూసుకుంటాడు. సొంత చెరువుకు అంత కాపలా ఉన్నప్పుడు అందరి చెరువుకూ ఉండాలి కదా!

హుస్సేన్ సాగర్, కొల్లేరులతో మొదలుపెట్టి పెద్ద చెరువులన్నిటిలో రాత్రింబవళ్లూ కొలిచే సెన్సర్లు పెట్టాలి, అంకెలు జనానికి ఆన్‌లైన్‌లో ఇవ్వాలి, డీవో ఎగుడుదిగుళ్లు వారం వారం పెరుగుతూ మామూలు స్థాయికి రావడం ఆలస్యమవుతుంటే ఆ వారమే మురుగు కాలువ మళ్లించే అధికారం ఎవరో ఒక అధికారికి రాతపూర్వకంగా ఉండాలి.