హాల్‌కి దొరికిన చందమామలు

(ఆవిడ బీరకాయలకు చెక్కు తీస్తోంది. ఆయన ఫోను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని చదువుతున్నాడు.)

ఆయన: 1877 ఆగస్టులో కుజుడి చందమామలు రెండూ హాల్‌కే దొరికాయటే!

ఆవిడ: మన హాల్లో నిన్నటినుంచి మీ కళ్ళజోడే దొరకలేదు.

ఆయన: గది కాదే! అసఫ్ హాల్ అని ఖగోళ శాస్త్రవేత్త. వాషింగ్టన్ నేవల్ అబ్జర్వేటరీలో 26 అంగుళాల టెలిస్కోపు ఆయన చేతిలో ఉండేది.

ఆవిడ: మన హాల్లో 32 ఉంది. సీరియళ్ళు తప్ప ఏం దొరికింది?

ఆయన: అది టీవీ! ఇది కటకం అడ్డకొలత. వడ్రంగం మానేసి చదువుకి వెళ్తే, అక్కడ లెక్కలు చెప్పిన ఏంజెలీన్ స్టిక్నీనే 1856లో పెళ్ళాడాడు.

ఆవిడ: హాల్‌కి పెళ్ళయిందా! రోజూ ఊడుస్తున్నాను, ఒక్కమాట చెప్పలేదు. వంటింటికి కూడా సంబంధాలు చూస్తున్నారా?

ఆయన: రామా! 1891లో రిటైరయిన మనిషే!

ఆవిడ: హాల్‌కి రిటైర్మెంటు! ఊడ్చేదానికి లేదు.

ఆయన: వింటావా? కుజుడి వెలుగులో పక్కనున్న చిన్న చుక్కలు మునిగిపోతాయి. అందుకని ఐపీస్, అంటే కన్ను పెట్టి చూసే కటకం, కాస్త పక్కకి జరిపి, కుజుణ్ణి చూపులోంచి అవతలికి నెట్టేసి, ఆ అంచు చీకట్లో వెతికాడు.

ఆవిడ: ఎదురు బండి లైటు కొడితే చెయ్యడ్డం పెట్టుకున్నట్టు.

ఆయన: అదే! అయినా దొరక్క మానేద్దామనుకున్నాడు. భార్య మళ్ళీ వెతకమంది. ఆగస్టు 11 రాత్రి ఓ చుక్క చిక్కింది. అంతలో పొటోమాక్ నది మీంచి మంచు కమ్మేసింది. అది తోడు చందమామేనని తేలింది 16న. 17న కుజుడికి ఇంకా దగ్గరగా ఉన్న రెండోది దొరికింది, 7 గంటల 39 నిమిషాలకో చుట్టు తిరిగేది.

ఆవిడ: ఆవిడ పోరకపోతే?

ఆయన: ...కష్టమే.

ఆవిడ: గట్టిగా అనండి, హాల్లోకి వినపడాలి.

ఆయన: వాటి పేర్లు ఫోబోస్, డీమోస్. భయం, బెదురు అని. నాకైతే టెలిస్కోపు అక్కర్లేదు.

ఆవిడ: ఆవిడకేం మిగిలింది?

ఆయన: ఫోబోస్ మీద అన్నిటికన్నా పెద్ద గొయ్యికి స్టిక్నీ అని పేరు పెట్టారు. అడ్డం దాదాపు 9 కిలోమీటర్లు.

ఆవిడ: చందమామలు ఆయనకీ, గొయ్యి ఆవిడకీనా!

ఆయన: ఆయన పేరుతోనూ ఓ గొయ్యి ఉందిలే. చిన్నది.

ఆవిడ: అలా చెప్పండి. కళ్ళజోడు ఫ్రిజ్ మీదుంది, పొద్దున్నే తుడిచి పెట్టాను.

ఆయన: పొద్దున్నా! మరి చెప్పవేం?

ఆవిడ: ఇంకోసారి వెతకండని చెప్పానుగా.