సవరణ: ‘హెల్ అన్‌లిమిటెడ్’ మెక్‌లారెన్ ఒక్కడిదే కాదు

మొన్నటి పోస్టులో 1936 నాటి యుద్ధ వ్యతిరేక చిత్రం ‘హెల్ అన్‌లిమిటెడ్’ స్కాట్లాండ్ యానిమేషన్ దర్శకుడు నార్మన్ మెక్‌లారెన్ తీసిందని రాసేశాను, అది సగమే నిజం. గ్లాస్గో శిల్పి హెలెన్ బిగ్గర్, ఆయన కలిసి తీశారు. తర్వాత ఆయన కెనడా వెళ్లి, ‘నైబర్స్’ అనే పొట్టి చిత్రానికి ఆస్కార్ తెచ్చుకుని పెద్ద పేరయ్యాడు కాబట్టి ఈమె పేరు పక్కకి పోయింది, నేనూ అదే తప్పు చేశాను, సిగ్గుగానే ఉంది. బొమ్మలు, యానిమేషన్, మామూలు ఫుటేజీ కలిపి ఆయుధాల వ్యాపారుల లాభాల మీద తీసిన మూకీ అది.

ఇంకోటి, మెక్‌లారెన్ స్పెయిన్ అంతర్యుద్ధంలో పోరాడాడన్నాను. కాదు, 1936లో ఆయన వెళ్లింది కెమెరామన్‌గా, బ్రిటిష్ దర్శకుడు ఐవర్ మాంటెగ్యూ తీసిన ‘డిఫెన్స్ ఆఫ్ మాడ్రిడ్’ డాక్యుమెంటరీ కోసం. పాత పోస్టులో రెండూ దిద్దాను.