తేనె కోసమైతే పెట్టె పెట్టకండి

పెరట్లో బీర పందిరి వేసుకున్న మనవాళ్లలో చాలామందికి ఈమధ్య తేనెటీగల మీదికి మనసు పోతోంది. ఒక పెట్టె పెట్టుకుంటే కూరగాయలు విరగకాస్తాయని, ఇంటి తేనె వస్తుందని ఆశ. న్యూజెర్సీలో తోటనూ పెట్టెలనూ ఒక్కచేతి మీద చూసుకుంటున్న అనుభవంతో చెబుతున్నాను, ఆ రెండింటి కోసమైతే వద్దు.

ముందు కూరగాయల సంగతి. సొర పువ్వు పొద్దువాలాక విచ్చుకుంటుంది. అప్పటికి తేనెటీగలు గూటికి చేరుతుంటాయి. దాని పని రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులది. అవి రాకపోతే మనమే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, అడుగున బుల్లి పిందె ఉన్న ఆడపువ్వుకి పుప్పొడి అద్దాలి. వంగ, టమాటా పూలను గట్టిగా అదిరిస్తే తప్ప పుప్పొడి సరిగా రాలదు. బంబుల్ బీ అనే బొద్దు అడవి ఈగకు ఆ విద్య వచ్చు, తేనెటీగకు రాదు. గుమ్మడికైతే ఈ గడ్డ మీదే పుట్టిన స్క్వాష్ బీ ఉంది. నేలలో బొరియ చేసుకుని బతుకుతుంది, తెల్లవారుతూనే పువ్వులో దూరుతుంది. దోస, కాకరలకు తేనెటీగ సాయం నిజమే కానీ, ఈ అడవి ఈగలు బతికుంటే వాటికీ లోటుండదు.

కాబట్టి పిందె నిలవడం లేదనేవాళ్లు ముందు లాన్‌కి ఏ మందు కొట్టిస్తున్నారో చూసుకోవాలి. గడ్డి వేళ్లు తినే పురుగు కోసం చల్లే ఇమిడాక్లోప్రిడ్ లాంటివి లాన్‌లో పూసిన క్లోవర్ పూలలోకీ ఎక్కి, వాటి మీద వాలే ఈగలకు విషమవుతాయి. ఈ రకం మందులను ఇళ్ల బయట వాడకుండా న్యూజెర్సీ 2022లోనే చట్టం చేసింది. అలాంటి చట్టం లేని చోట ఆ పని మనమే మానుకోవచ్చు. నా లెక్కలో ఇది పెట్టె కొనడం కన్నా పెద్ద సాయం.

ఇక పెట్టె. తేనెటీగల్ని పెంచడమంటే అసలు పని వరోవా నల్లితో. ఇది ఆసియా తేనెటీగ మీద బతికే నల్లి. మన ఊళ్లలో చెట్టు తొర్రల్లో గూడు పెట్టే ఈగ ఆ జాతిదే, దీన్ని ఒంటిమీద నుంచి దులిపేసుకోగలదు. ఇక్కడి పెట్టెల్లో పెంచే ఐరోపా జాతికి ఆ నేర్పు తక్కువ. అమెరికాలో ఈ నల్లి 1987లో బయటపడింది. వేసవిలో నెలకోసారైనా నల్లుల లెక్క చూడాలి. అరకప్పు ఈగల్ని, అంటే సుమారు 300, రబ్బింగ్ ఆల్కహాల్ ఉన్న సీసాలో వేసి కుదపాలి. రాణి ఆ అరకప్పులో లేదని రెండుసార్లు చూసుకోవాలి. ఈగలన్నీ చచ్చిపోతాయి, నల్లులు అడుగుకు దిగుతాయి. 6 నుంచి 9 దాకా కనిపించాయంటే మందు వెయ్యాల్సిందే. ఎన్నిసార్లు చేసినా ఆ సీసా చూస్తే మనసు చివుక్కుమంటుంది. అయినా చెయ్యాలి.

"మేం ఏ మందూ వాడం, అంతా సహజం" అనేవాళ్లతో నాకు పేచీ ఇక్కడే. తోటలో ఆ పట్టుదల మంచిదే, నేనూ అంతే. కానీ నల్లి పట్టి కుప్పకూలుతున్న పెట్టెలోని తేనె దోచుకోవడానికి పక్కవాళ్ల ఈగలు వస్తాయి, నల్లిని కూడా ఇంటికి మోసుకుపోతాయి. మన పట్టుదలకు ఊరందరి ఈగలూ బలైపోతాయి.

ఒక్కరే చేసుకోవడానికి మాత్రం ఇది చక్కగా నప్పే పని. పెట్టె తెరిచినప్పుడు హడావుడి పనికిరాదు, మాటలు అక్కర్లేదు. బరువు గురించే జాగ్రత్తపడాలి. పది ఫ్రేముల (ఈగలు పట్టు కట్టే చట్రాల) పెద్ద పెట్టె తేనెతో నిండితే 80 పౌండ్లు దాటుతుంది. ఎనిమిది ఫ్రేముల మీడియం పెట్టెలు తీసుకుంటే నడుము బతుకుతుంది. ఒకటి కాకుండా రెండు కాలనీలు పెట్టుకోండి. ఒకదాంట్లో రాణి పోతే రెండోదాంట్లోంచి గుడ్లున్న ఫ్రేమ్ తీసి ఇవ్వొచ్చు, ఆ గుడ్ల నుంచి ఈగలు కొత్త రాణిని పెంచుకుంటాయి. ఫోన్ జేబులో ఉండాలి, ఎక్కడికి వెళ్తున్నారో ఇంట్లో ఒకరికి తెలియాలి.

తేనె వస్తే రానివ్వండి, నలుగురికీ పంచండి. కానీ పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాసే అలవాటు మన ఇళ్లలో ఇంకా ఉంది. ఏడాది నిండని పిల్లలకు చుక్క కూడా పెట్టకూడదు. బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. సీసా చేతికిచ్చేటప్పుడే ఈ మాట చెప్పండి, పెద్దవాళ్లు ఏమన్నా అనుకున్నా సరే.

మరి దేనికోసం పెంచాలంటే, నాకైతే ఆ ప్రాణుల కోసమే. మేలో బ్లాక్ లోకస్ట్, జూన్‌లో లిండెన్ ఎక్కడ పూసిందో ఈగల రాకపోకల్ని బట్టి తెలిసిపోతుంది. సెప్టెంబరులో గోల్డెన్‌రాడ్ పూల తేనె ఇగురుతుంటే పెట్టె దగ్గర పుల్లటి వాసన వస్తుంది, కొత్తవాళ్లు పాడైపోయిందని కంగారుపడతారు. ఇలాంటివి పట్టించుకోవాలని ఉన్నవాళ్లకు ఈ పని బరువనిపించదు.

ఏప్రిల్‌కి ఈగలు కావాలంటే చలికాలంలోనే అమ్మేవాళ్లకు చెప్పి ఉంచాలి. అంతకన్నా ముందు మీ కౌంటీలో తేనెటీగలు పెంచేవాళ్ల క్లబ్బు క్లాసులో చేరండి, ఒక వేసవి ఎవరి పెట్టెల దగ్గరైనా పని చేయండి. వసంతంలో గోంగూర నారు పంచుకునే మన సంఘాల వాళ్లు, నారుతోపాటు లాన్ మందుల గురించి ఒక కాగితం కూడా చేతిలో పెడితే బాగుంటుంది. ఆ కాగితం నేను రాసిస్తాను.