జనరల్ మోటార్స్‌ను ముంచింది కూలీ కాదు, కుర్చీ

డెట్రాయిట్ శివార్లలోని ట్రాయ్, నోవై, ఫార్మింగ్టన్ హిల్స్‌లో మనవాళ్లు బాగానే స్థిరపడ్డారు. వాళ్ల ఇళ్లలో భోజనాలయ్యాక కార్ల కంపెనీల కబుర్లు మొదలైతే ఎటు తిరిగినా చివరికి ఒకే తీర్పు దగ్గర ఆగుతాయి: "యూనియన్లు తినేశాయండీ." ఆ తీర్పు వాట్సాప్ ఎక్కి హైదరాబాద్, విజయవాడ చేరుతుంది. ఇక్కడ కార్మిక చట్టాల మాట వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు "జనరల్ మోటార్స్ అంతటిదాన్నే పడేశారు, చూడలేదా" అంటారు. ఆ కంపెనీ దివాలా పిటిషన్ వేసింది 2009 జూన్ 1న. ఆస్తులు 82 బిలియన్ డాలర్లు, అప్పులు 173 బిలియన్లు. ఆ అప్పులు చాలావరకు తీరాయేమో గానీ ఈ మాట మాత్రం ఇంకా చలామణీలోనే ఉంది. నా దృష్టిలో ఇది చెల్లని నాణెం. చెల్లదని చెప్పే సాక్ష్యం ఆ కంపెనీ సొంత ఫ్యాక్టరీలోనే దొరుకుతుంది.

పాత కథ తెలిసిందే కాబట్టి గబగబా దాటేస్తాను. ఫ్లింట్‌లో గుర్రపు బండ్లు చేయించి అమ్ముకునే విలియం డ్యూరాంట్ 1908లో ఈ కంపెనీ పెట్టాడు. బ్యూయిక్, ఓల్డ్స్‌మొబైల్, కాడిలాక్ అంటూ సంతలో పశువులను కొన్నట్టు కంపెనీలను కొన్నాడు. ఫోర్డ్‌ను కూడా కొనబోయాడు. హెన్రీ ఫోర్డ్ 80 లక్షల డాలర్ల రొక్కం అడిగితే బ్యాంకులు ఇవ్వలేదు. డ్యూరాంట్‌ను ఒకసారి బయటికి నెట్టారు, షెవర్లేతో తిరిగొచ్చాడు, 1920లో మళ్లీ నెట్టారు. చివరి రోజుల్లో ఆయన ఫ్లింట్‌లోనే బౌలింగ్ ఆటశాల నడుపుకున్నాడు.

అసలు కంపెనీని కట్టినవాడు ఆల్ఫ్రెడ్ స్లోన్. ఫోర్డ్ ఒకే నమూనా కారును కోటిన్నర దాకా చేసి, ఇంకా చౌకగా ఎలా చేయాలా అని తలపట్టుకుంటుంటే, స్లోన్ వేరే లెక్క వేశాడు. కారు చౌకైతే సరిపోదు, పక్కింటివాడి కారు కన్నా ఒక మెట్టు పైన ఉండాలి. అందుకని మెట్లు కట్టాడు: కింద షెవర్లే, పైన పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూయిక్, అన్నిటికన్నా పైన కాడిలాక్. హార్లీ ఎర్ల్ అనే సొగసుకాడిని తెచ్చి 1927లో కార్ల రూపం కోసమే ఒక విభాగం పెట్టించాడు. ఏటా కారు ముఖం మారాలి, నిరుటి కారు చూసుకుని యజమానికే సిగ్గేయాలి. డబ్బు లేదంటారా? 1919 నుంచే కంపెనీకి జీమ్యాక్ అనే సొంత వాయిదాల దుకాణం ఉంది. కొనేవాడిని ఎప్పుడూ అసంతృప్తిలో ఉంచాలన్న సిద్ధాంతాన్ని ఆ కంపెనీ పరిశోధన పెద్ద చార్లెస్ కెటరింగ్ 1929లో పత్రికకెక్కి మరీ చెప్పాడు. ఎంత నిజాయితీ!

ఇది పనిచేసింది. 1960ల మొదట్లో అమెరికాలో అమ్ముడైన ప్రతి రెండు కార్లలో ఒకటి వీళ్లదే. నా అభిప్రాయంలో జబ్బు కూడా ఆ గెలుపులోనే పట్టింది. కారు చేసేవాడి కన్నా కారు లెక్క రాసేవాడు పెద్దవాడయ్యాడు. 1958లో కుర్చీ ఎక్కిన ఫ్రెడరిక్ డానర్ ఆర్థిక విభాగం మనిషి. తర్వాత గెర్‌స్టెన్‌బర్గ్, మర్ఫీ, రోజర్ స్మిత్, చివరికి దివాలా ముంగిట నిలబడ్డ రిక్ వాగనర్, అందరూ పద్దుల గదిలోంచి వచ్చినవాళ్లే. మధ్యలో ఒకరిద్దరు ఇంజనీర్లు, అమ్మకాలవాళ్లు వచ్చారు, పోయారు. పద్దులు చూడటం నేరమేం కాదు. కానీ పద్దుల మనిషికి ఒక చౌక షెవర్లే మీద కాడిలాక్ చిహ్నం అంటించి ధర పెంచితే లాభంగానే కనబడుతుంది. 1982 మోడల్‌గా సిమరాన్ అన్న పేరుతో వాళ్లు చేసింది అదే. షెవర్లే కావలియర్‌కే కాడిలాక్ కోటు తొడిగారు. కొనేవాళ్లకు అది తెలిసిపోవడానికి ఎంతోకాలం పట్టలేదు.

ఇక నేను చెప్పదలచుకున్న అసలు సంగతి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌ది.

అక్కడి జనరల్ మోటార్స్ ఫ్యాక్టరీకి ఆ కంపెనీలోనే చెడ్డపేరు. రోజూ ప్రతి ఐదుగురిలో ఒకరు పనికి రారు. వచ్చినవాళ్లలో కొందరు తాగి వస్తారు. కోపమొస్తే తలుపు లోపల ఖాళీ సీసా పెట్టి బిగించేవాళ్లమని తర్వాత ఆ కార్మికులే చెప్పుకున్నారు, కొన్నవాడు జీవితాంతం ఆ గలగల ఎక్కడిదో వెతుక్కుంటూ ఉండాలి మరి. ఫిర్యాదులు వేలల్లో పేరుకుపోయాయి. 1982లో ఫ్యాక్టరీ మూసేశారు. యూనియన్ తినేసిందనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది?

అయితే రెండేళ్లకు అదే షెడ్డు మళ్లీ తెరుచుకుంది. ఈసారి నడిపింది టొయోటా, జనరల్ మోటార్స్‌తో పొత్తులో. ఆ ఉమ్మడి కంపెనీ పేరు 'నమ్మి' (NUMMI). తీసుకున్న కార్మికుల్లో అత్యధికులు పాత ఫ్రీమాంట్ వాళ్లే. యూనియన్ కూడా అదే, యునైటెడ్ ఆటో వర్కర్స్. పాత నాయకులే, పాత తగాదాకోరులే. వాళ్లలో కొన్ని వందలమందిని జపాన్ తీసుకెళ్లి టొయోటా ఫ్యాక్టరీలో పని చూపించారు. మొదటి షెవర్లే నోవా 1984 డిసెంబరులో బయటికొచ్చింది. కొంతకాలానికే ఆ షెడ్డులో చేసిన కారు నాణ్యత జపాన్‌లో చేసినదానికి దగ్గరగా వచ్చింది. పనికి రానివాళ్లు నూటికి ఐదు లోపలికి పడిపోయారు.

ఏం మారింది? పైన వేలాడే ఒక తాడు.

పాత ఫ్యాక్టరీలో లైను ఆపడం మహాపాపం. బోల్టు సరిగా పట్టకపోయినా, తలుపు వంకరగా ఉన్నా, తప్పుడు ఇంజన్ పెట్టేసినా బండి ముందుకు సాగిపోవాల్సిందే. చివర్లో స్థలం నిండా చెడ్డ బండ్లు నిలబెట్టి, వాటిని మళ్లీ విప్పి బాగుచేయడానికి వేరే మనుషులను పెట్టుకునేవాళ్లు. లైను ఆగితే ఫోర్‌మన్ ఉద్యోగం ఊడుతుంది, చెడ్డ బండి పోతే ఎవరి ఉద్యోగమూ ఊడదు. టొయోటా పద్ధతిలో ప్రతి కార్మికుడికీ అందేలా తాడు కట్టి ఉంటుంది. దాన్ని యాండన్ అంటారు. తేడా కనిపిస్తే లాగాలి. లాగగానే పాట మోగుతుంది, టీమ్ లీడర్ పరుగెత్తుకొస్తాడు. వచ్చి తిట్టడు, "ఏమైంది, ఎలా సరిచేద్దాం" అంటాడు. అప్పటికీ తెగకపోతే లైను ఆగుతుంది. ఏళ్ల తరబడి యంత్రంలో మరలాగా బతికిన మనిషిని మొదటిసారి నీకేం కనిపిస్తోందని అడిగారు. ఫ్రీమాంట్ కార్మికుడు మారాడని అందరూ ఆశ్చర్యపోయారు. మారింది అడిగే తీరు.

ఇంతటి పాఠం సొంత ఇంట్లోనే దొరికితే డెట్రాయిట్ పెద్దలేం చేయాలి? రోజర్ స్మిత్ రోబోలు కొన్నాడు. మనుషులు లేని ఫ్యాక్టరీ ఆయన కల. డెట్రాయిట్‌లో పోల్‌టౌన్ అనే పేటను 1981లో ఖాళీ చేయించి, 4,000 మందికి పైగా జనాన్ని కదిలించి, చర్చిలతో సహా కూలగొట్టి కట్టిన హామ్‌ట్రమ్క్ ఫ్యాక్టరీలో ఆ రోబోలను దింపారు. రంగు వేయాల్సిన రోబోలు కార్లకు బదులు ఒకదానికొకటి రంగు పూసుకున్నాయని పత్రికలు రాశాయి. ప్రజా ప్రయోజనం పేరుతో ఇళ్లు తీసుకోవచ్చని నాడు తీర్పిచ్చిన మిషిగన్ సుప్రీంకోర్టు 2004లో ఆ తీర్పును తానే తిరగరాసింది. పోల్‌టౌన్ వాళ్లకు మాత్రం ఇళ్లు తిరిగి రాలేదు. భూసేకరణ సభలకు వెళ్లొచ్చిన మన పాఠకులకు ఇంతకన్నా వివరం అక్కర్లేదు.

చెప్పేవాళ్లు లేక కాదు. 1984లో కొన్న ఈడీఎస్ అనే కంప్యూటర్ సేవల కంపెనీతో పాటు దాని యజమాని రాస్ పెరో కూడా బోర్డులోకి వచ్చాడు. మా దగ్గర పాము కనిపిస్తే చూసినవాడే కొడతాడు, ఇక్కడ పాముల నిపుణుణ్ణి పిలిచి, కమిటీ వేసి, ఏడాదిపాటు చర్చిస్తారు అని బాహాటంగా వెక్కిరించాడు. 1986లో దాదాపు 70 కోట్ల డాలర్లిచ్చి ఆయన్ను బయటికి సాగనంపారు. పామును కొట్టడానికి అంత ఖర్చయ్యేది కాదు!

అవతలి వాదన వినకపోతే అన్యాయం. విశ్రాంత ఉద్యోగుల పింఛన్లు, ఆరోగ్య బీమా భారం ఒక్కో కారు మీద 1,500 డాలర్ల దాకా పడేదని చెబుతారు. టొయోటాకు అమెరికాలో అంత బరువు లేదు. పనిలేని కార్మికులకు జీతాలిచ్చిన ఒప్పందాలూ నిజమే. 2008 ఆర్థిక సంక్షోభంలో అప్పు పుట్టకపోవడమూ నిజమే. కాదనను. కానీ ఆ ఒప్పందాల మీద రెండు సంతకాలున్నాయి. ఈ ఏడాది జీతం పెంచితే ఈ ఏడాది పద్దులో కనబడుతుంది, ముప్పై ఏళ్ల తర్వాతి పింఛను ఇప్పుడు కనబడదు. పద్దుల మనుషులకు ఏది నచ్చుతుందో వేరే చెప్పాలా? పైగా వంకర తలుపుకి, పింఛనుకి ఏం సంబంధం? వాహనాల కన్నా అప్పులమ్మడమే లాభమని తేలాక, 2004 నాటికి కంపెనీ లాభమంతా దాదాపుగా జీమ్యాక్ నుంచే వచ్చేది. 1919లో పెట్టిన వాయిదాల దుకాణం కారు దుకాణాన్ని మింగేసింది. ఇళ్ల రుణాల దాకా వెళ్లిన జీమ్యాక్‌లో 51 శాతం వాటా 2006లో అమ్మేసుకునే పరిస్థితి వచ్చింది.

దివాలాతో బుద్ధొచ్చిందనుకునేవాళ్లకు 2014ను గుర్తుచేయాలి. కోబాల్ట్ వంటి చిన్న కార్లలో తాళంచెవి తిప్పే స్విచ్ వదులుగా ఉంది. బండి నడుస్తుండగానే ఇంజన్ ఆగిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది, ఎయిర్‌బ్యాగ్ తెరుచుకోదు. ఈ తేడా కంపెనీ ఇంజనీర్లకు దశాబ్దం ముందే తెలుసు. దాన్ని ప్రాణాపాయంగా కాక వినియోగదారుడి అసౌకర్యం కింద రాసుకున్నారు. విడిభాగాన్ని గుట్టుగా మార్చినప్పుడు దాని నంబరు మార్చలేదు, అందువల్ల తర్వాత వెతికినవాళ్లకూ దొరకలేదు. పరిహార నిధి చివరికి గుర్తించిన మరణాలు 124. భాగం మార్చడానికయ్యే ఖర్చు 57 సెంట్లని అమెరికా కాంగ్రెస్ విచారణలో చెప్పారు.

కంపెనీయే వేయించిన దర్యాప్తు నివేదికలో రెండు మాటలున్నాయి. ఒకటి జీఎం తలూపు: మీటింగులో అందరూ సరేనని తలూపి, బయటికొచ్చాక ఎవరూ చేయకపోవడం. రెండోది జీఎం దండం: చేతులు కట్టుకుని వేళ్లు అటూ ఇటూ చూపిస్తూ ఇది నా పని కాదు వాళ్లదనడం. ఇంకా ఘోరం, 2008లో ఉద్యోగులకు ఏ మాటలు రాయకూడదో శిక్షణ ఇచ్చారు. 'సమస్య' అనకూడదు, 'అంశం' అనాలి. 'లోపం' అనకూడదు, 'డిజైన్ ప్రకారం పనిచేయడం లేదు' అనాలి. తాడు లాగడం సంగతి అలా ఉంచండి, తాడు అన్న పదమే నిఘంటువులోంచి తీసేశారు.

ఆ తలూపు మనకు కొత్తగా ఉందా? జమీందారు ముందు "చిత్తం, చిత్తం" అన్న నోరే ఇవాళ సమీక్షా సమావేశంలో "అయిపోతుంది సార్" అంటోంది. హైటెక్ సిటీలో డెడ్‌లైన్ దాటిన ప్రాజెక్టు స్లైడులో పచ్చగానే ఉంటుంది. కలెక్టరేట్ వీడియో కాన్ఫరెన్స్‌లో నూటికి తొంభై పూర్తయిన పని ఊళ్లో పునాది దగ్గరే ఉంటుంది. చెడు కబురు మోసుకొచ్చినవాడికి బదిలీ, తలూపినవాడికి ప్రమోషన్. ఇంజనీరింగ్ కాలేజీల్లో నాలుగేళ్లు ఎదురుప్రశ్న వేయకుండా పెంచిన పిల్లలను తీసుకెళ్లి, లోపం కనిపిస్తే చెప్పమంటే ఎలా చెబుతారు? విదేశీ కంపెనీ వచ్చినప్పుడల్లా ఎన్ని ఎకరాలు, ఎంత రాయితీ, ఎన్ని ఉద్యోగాలు అన్న లెక్కలు పత్రికల మొదటి పేజీ నిండా ఉంటాయి. ఆ ఉద్యోగికి లైను ఆపే హక్కు ఉంటుందా అని అడిగిన విలేకరిని నేనింతవరకు చూడలేదు. నేనూ అడగలేదు లెండి.

మన దేశంలోనూ జనరల్ మోటార్స్ ఇదే కథ ఆడింది. 1928లోనే బొంబాయిలో కార్లు బిగించిన కంపెనీ ఇది. 1954లో వెళ్లిపోయి, 1990ల్లో గుజరాత్‌లోని హలోల్‌కి తిరిగొచ్చింది. మన ఊళ్లలో పెళ్లిళ్లకు, తిరుపతి ప్రయాణాలకు అద్దెకు తిరిగిన టవేరా గుర్తుందా? 2013లో వాటిలో 1.14 లక్షల బండ్లను వెనక్కి పిలిచారు. తనిఖీకి పంపే బండ్ల విషయంలో నిబంధనలు ఉల్లంఘించామని కంపెనీయే ఒప్పుకుని కొందరు ఉద్యోగులను తొలగించింది. 2017లో ఇక్కడ అమ్మకాలే ఆపేసింది. అప్పుడు మన దగ్గర చాలామంది పన్నులు ఎక్కువ, మార్కెట్ కష్టం, కార్మికులతో తలనొప్పి అని రాశారు. హలోల్ షెడ్డును ఎంజీ కొనుక్కుని 2019లో హెక్టర్ దించింది. మహారాష్ట్రలోని తళేగావ్ షెడ్డును హ్యుందాయ్ తీసుకుంది, పెనుకొండ దగ్గర కార్లు చేస్తున్న కియా వాళ్ల అన్న కంపెనీయే అది. ఫ్రీమాంట్‌లో 'నమ్మి' 2010లో మూతపడ్డాక ఆ షెడ్డును టెస్లా కొనుక్కుంది. అందులో ఇప్పటికీ కార్లే తయారవుతున్నాయి.